మా వీధి పుస్తకాల ఫ్రిజ్: రోజూ అడిగే ప్రశ్నలు, సంచులతో వచ్చేవాళ్ల సంగతి

నల్లగొండలో పానగల్లు రోడ్డు దిక్కు, మా వీధి మలుపులో వేపచెట్టు కింద ఒక పాత ఫ్రిజ్ ఉంటుంది. అందులో కూరగాయలు ఉండవు, పుస్తకాలుంటాయి. దానికి ఎదురుగానే నా జిరాక్స్ షాపు. అందుకే ఆ ఫ్రిజ్ గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా తిన్నగా నా దగ్గరికే వస్తారు. మిషన్ మీద కాగితం సర్దుతూ అవే జవాబులు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఒకసారి రాసి పెడితే పోతుందనుకున్నాను. ప్రశ్నలన్నీ జనం అడిగినవే. జవాబులు మాత్రం నావి. ఫ్రిజ్ చూసుకునేది మేం నలుగురం. మిగతా ముగ్గురికీ నాకూ అన్ని విషయాల్లో కుదరదు, కుదరని చోట ఆ మాట కూడా చెప్తాను.

ఇది లైబ్రరీనా, ఏంటిది?

తలుపు తీయండి, నచ్చిన పుస్తకం తీసుకోండి, ఇంటికి పట్టుకెళ్లి చదవండి. చదివాక తెచ్చి పెడితే సంతోషం. దాని బదులు ఇంకోటి పెట్టినా సంతోషమే. సభ్యత్వం లేదు, డిపాజిట్ లేదు, ఆధార్ జిరాక్స్ అక్కర్లేదు. ఆధార్ అడిగితే నీకే గిరాకీ కదా అని ఒకాయన నవ్వాడు కూడా.

ఈ ఆలోచన మాది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో హడ్సన్ అనే ఊరుంది. అక్కడ టాడ్ బోల్ అనే ఆయన 2009లో, టీచరుగా పనిచేసిన వాళ్ల అమ్మ గుర్తుగా, పాత గ్యారేజీ తలుపు చెక్కతో చిన్న బడి ఆకారంలో ఒక పెట్టె చేసి, పుస్తకాలు పెట్టి ఇంటి ముందు నిలబెట్టాడు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. మొదట్లో వాళ్లు పెట్టుకున్న లక్ష్యం 2,510 పెట్టెలు. ఆ అంకె ఎందుకంటే, ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి డబ్బిచ్చి కట్టించిన గ్రంథాలయాలు 2,509. కోటీశ్వరుడి కన్నా ఒకటైనా ఎక్కువ పెట్టాలని పంతం. ఇప్పుడవి ప్రపంచమంతా కలిపి లక్ష దాటాయి. బోల్ 2018లో చనిపోయాడు. మాది ఆయన సంస్థలో నమోదు చేసిన పెట్టె కాదు, ఊరికే చూసి నేర్చుకున్నది.

ఒకసారికి ఎన్ని తీసుకోవచ్చు?

తలుపు మీద "రెండు తీసుకుంటే పక్కవాళ్లకూ మిగులుతాయి" అని రాసి ఉంటుంది. రూలు కాదు, మా కోరిక అంతే.

మొదట్లో "రెండు మాత్రమే" అని ఎర్ర అక్షరాలతో రాశాం. దానివల్ల జరిగింది ఏంటంటే, అంతకుముందు రెండు మూడు తీసుకునే మొహమాటస్తులు ఒక్కటి తీసుకుని, నా వైపు చూసి, అది పైకెత్తి చూపించి మరీ వెళ్లేవాళ్లు. పది తీసుకునేవాళ్లు పదీ తీసుకున్నారు. నెల తిరక్కుండా ఆ బోర్డు పీకేశాం.

ఫ్రిజ్‌లో కిక్కిరిసి పెడితే నూట ఇరవై పుస్తకాల దాకా పడతాయి. అందులో పది పోతే ఎవరికీ తెలియదు. నలభై పోతే ఆ సాయంత్రం వచ్చినవాళ్లకు పంచాంగాలు, హోమియో పుస్తకాలు మిగులుతాయి. అంకె కన్నా నేను చూసేది ఇది.

నిన్న ఒకరు సంచి నిండా నింపుకుపోవడం కళ్లారా చూశాను. ఆపాలా?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. ఆపొద్దు. ఎందుకో చెప్పాలంటే కొంచెం పెద్ద కథ, ఓపిక చేసుకోండి.

మూడేళ్లలో సంచితో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ముగ్గురి గురించి చెప్తాను.

మొదటాయన పెద్దమనిషి, డెబ్బై దాటాయి. ఇరవై ఐదు కిలోల బియ్యం సంచి మడిచి చంకలో పెట్టుకుని వస్తాడు. లావు పుస్తకాలే ఏరుకుంటాడు. భారతం, డిక్షనరీ, హైకోర్టు తీర్పుల సంపుటం, ఏదైనా సరే, బరువుండాలి. ఇంట్లో ట్రంకు పెట్టె నిండిపోయి మంచం కిందికి చేరాయట. చదువుతాడా అంటే, కంటి ఆపరేషన్ అయ్యాక పేపర్లో హెడ్డింగులే కష్టం. నెలకోసారి ఆయన కోడలు, మామ నిద్రలో ఉన్నప్పుడు, ఒక సంచెడు తెచ్చి చప్పుడు కాకుండా మళ్లీ ఫ్రిజ్‌లో సర్దిపోతుంది. "చెప్పకు అన్నా, బాధపడ్తడు" అంటుంది. రెండు వారాల్లో అవే పుస్తకాలు మళ్లీ ఆయన సంచిలోకి వెళ్తాయి. ఒక నిఘంటువు అలా నాలుగుసార్లు వెళ్లొచ్చింది. మా ఫ్రిజ్‌లో అంతగా తిరిగిన పుస్తకం ఇంకోటి లేదు.

రెండో మనిషి ఒక అమ్మాయి. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. శనివారం సాయంత్రం ఆరింటికి వచ్చేది, కాలేజీ బ్యాగు ఖాళీ చేసుకుని. పద్నాలుగు, పదిహేను కథల పుస్తకాలు, వారపత్రికలు తీసుకునేది. రెండు వారాలు చూశాను. మూడో వారం ఊరుకోలేక, షాపు మెట్లు దిగి వెళ్లి, "ఇన్ని ఏం జేస్తవమ్మా?" అని అడిగాను. అప్పుడక్కడ పాల ప్యాకెట్ల కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు. గట్టిగా ఏం అడగలేదు. కానీ అడిగిన తీరు నాకే తెలుసు. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. బ్యాగులోంచి ఒక్కో పుస్తకం తీసి, వెన్ను బయటికి కనిపించేలా, తీసిన అరలోనే పెట్టింది. చివరి పుస్తకం పెట్టాక తలుపు మూసి, రబ్బరు పూర్తిగా అతుక్కుందో లేదో అరచేత్తో నొక్కి చూసి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది, ఆమె ఉండేది దగ్గర్లోని ఆడపిల్లల హాస్టల్లో. గదిగదికీ పంచి, సోమవారం పొద్దున్నే కాలేజీకి పోయేముందు తెచ్చి పెట్టేదట. ఆ మాట చెప్పింది మా వీధిలో పొద్దున ఆరింటికే ఆకుకూరలు అమ్మే అవ్వ. నాకెందుకు తెలియలేదంటే, నా షాపు తీసేది తొమ్మిదిన్నరకు. తీసుకుపోయేవాళ్లు సాయంత్రం నా కళ్ల ముందే తీసుకుపోతారు. తెచ్చిపెట్టేవాళ్లు పొద్దున ఎవరూ లేనప్పుడు తెచ్చిపెట్టి పోతారు. అంటే మూడేళ్లుగా నేను సగం లెక్కే చూస్తున్నాను. ఆ సగం చూసి మనుషులకు మార్కులు వేస్తున్నాను.

మూడో మనిషి సంగతి వేరు. ఆయన గురించి కింద రాశాను.

ఫ్రీ అన్నాక ఎన్ని తీసుకుంటే ఏం? అది దొంగతనం ఎలా అవుతుంది?

కాదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం దొంగతనం అంటే అవతలివాళ్ల సమ్మతి లేకుండా, దురుద్దేశంతో వాళ్ల వస్తువు తీసుకోవడం. మేమేమో తీసుకోండి అని తలుపు మీదే రాసి పెట్టాం. దీని మీద కంప్లైంట్ ఇస్తే స్టేషన్లో టీ తాగించి పంపిస్తారు.

అయినా దొంగతనం కానిదంతా మంచి పని అయిపోదు కదా. భోజనాల దగ్గర వడ్డించేవాళ్లు ఎంత కావాలంటే అంత వేస్తారు. అలాగని గారెల గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ని ఏమంటాం? దొంగ అనం. వెనక బంతి వాళ్లు ఇంకా తినలేదయ్యా అంటాం. అంతవరకే ఇది.

ఆ పుస్తకాలు అమ్ముకుంటున్నారట, నిజమేనా?

ఒకరు అమ్ముకున్నారు. నాకు తెలిసి ఒక్కరే.

బైకు మీద వచ్చేవాడు, మధ్యాహ్నం రెండింటికి. అది నేను షాపు సగం షట్టర్ దించి అన్నానికి పోయే టైము. ఒకసారి పై అర మొత్తం ఖాళీ. అందులో ఒకాయన ప్రేమగా ఇచ్చిన పాత చందమామ బైండ్లు ఐదు ఉన్నాయి. చందమామ 1947 జూలైలో మొదలైన పత్రిక, ఇప్పుడు రావడం లేదు. పాత సంచికల కోసం డబ్బిచ్చి వెతుక్కునేవాళ్లున్నారు. కాబట్టి తీసుకున్నవాడికి సరుకు తెలుసు.

నెల తర్వాత టోనర్ కోసం హైదరాబాద్ పోయాను. పని అయ్యాక కోఠీలో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ నడుస్తుంటే, ఒక కథల సంపుటం అంచు మీద మా నీలం స్టాంపు. చేతిలోకి తీసుకుని తెరిచాను. మొదటి పేజీలో మా వీధి ఆమె చేతిరాత, మనవడికి పుట్టినరోజు కానుకగా రాసిన రెండు వాక్యాలు. "ఎంత?" అన్నా. అరవై అన్నాడు. ఇది ఊరికే ఇచ్చిన పుస్తకం బాబూ అని చెప్పబోయి, ఏం లాభం, ఆ కుర్రాడు ఎక్కడో ఎవరి దగ్గరో కొన్నాడు. బేరమాడి నలభైకి తెచ్చుకున్నాను. బస్సులో వందకిలోమీటర్లు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఒకసారి కోపం, ఒకసారి నవ్వు. తెచ్చి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో రోజుకు మళ్లీ లేదు. ఈసారి ఎవరో చదవడానికే తీసుకున్నారని నమ్ముతున్నాను.

నిజం చెప్పాలంటే, మన ఊళ్లో ఈ వ్యాపారం గిట్టుబాటు కాదు. ఆబిడ్స్‌లో ఆదివారం పెట్టే పాత పుస్తకాల బజారు లాంటిది నల్లగొండలో లేదు. చిత్తు కాగితాల బండివాడికి వేస్తే కిలోల లెక్కే. ఉల్లిగడ్డలకు పాత సామాను తీసుకునే బండికి వేస్తే, లావు డిక్షనరీకి కూడా రెండు పూటల కూరకు సరిపడా ఉల్లిగడ్డలు రావు. అందుకని సంచి కనబడగానే అమ్మకం అనుకోకండి.

మరి అమ్ముకోకుండా ఏం చేస్తున్నారు?

నాలుగు పనులు చేశాం, నాలుగూ చిన్నవే.

ముందు స్టాంపు. "ఉచితం, అమ్మకానికి కాదు" అని, కింద మా వీధి పేరు. మొదటి పేజీలో ఒకటి, మూసిన పుస్తకం అంచు మీద ఒకటి, లోపల ఒక రహస్య పేజీలో ఒకటి. మొదటి పేజీ చింపేసినా రహస్య పేజీ మిగులుతుంది. లైబ్రరీల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది, మా నలుగురిలో ఉన్న రిటైర్డ్ లైబ్రేరియన్ సారు నేర్పారు. ఏ పేజీ అనేది చెప్పను. అంచు మీద స్టాంపు పడితే పాత పుస్తకాల వ్యాపారి చెయ్యి వెనక్కి పోతుంది. కానీ ఇదే సారు, యాభై ఏళ్ల నాటి పుస్తకం మీద స్టాంపు వెయ్యాలంటే నా చెయ్యి పట్టుకుంటారు. "పుస్తకాన్ని కాపాడబోయి పుస్తకాన్నే పాడుచేస్తవా" అని. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

రెండోది, సరుకంతా ఒకేసారి బయట పెట్టం. మా దగ్గర మూడొందల పైన పుస్తకాలుంటే ఫ్రిజ్‌లో యాభై అరవై ఉంటాయి. మిగతావి నా షాపు అటక మీద. రెండు రోజులకోసారి పది పదిహేను మారుస్తాం. ఎవరైనా ఊడ్చుకుపోయినా మర్నాటికి ఫ్రిజ్ మళ్లీ నిండుతుంది. అసలు టెన్షన్ సగం పోయింది దీనితోనే.

మూడోది, ఖరీదైనవి, అరుదైనవి ఫ్రిజ్‌లో పెట్టం. అవి అడిగినవాళ్లకు చేతికిస్తాం.

నాలుగోది, నేను అన్నానికి పోయే టైము రోజూ మారుస్తాను. ఇది మాత్రం మా ఇంటావిడకు నచ్చలేదు.

తాళం వేయొచ్చు కదా? సీసీ కెమెరా పెట్టొచ్చు కదా?

తాళం వేస్తే తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, అప్పుడది నా బీరువా. కెమెరా కోసం మొదట్లో పట్టుబట్టింది నేనే. మిగతా ముగ్గురూ వద్దన్నారు. చదువు మానేసి పనికి పోతున్న పిల్లవాడు రాత్రి తొమ్మిదింటికి వచ్చి టెన్త్ పుస్తకం తీసుకుంటాడు, వాడికి ఫొటో అక్కర్లేదు అన్నారు. ఓడిపోయాను. ఇప్పుడు వాళ్లే కరెక్ట్ అనిపిస్తోంది.

రిజిస్టర్ కూడా పెట్టి చూశాం. దారం కట్టిన నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను. పెన్ను మొదటి రోజే పోయింది, దారంతో సహా. నోటుబుక్కులో వారం తిరిగేసరికి ఎవరో పాల లెక్క రాసుకున్నారు.

ఎక్కువ తీసుకుంటున్నవాళ్లతో ఏమని మాట్లాడాలి?

"ఇన్ని ఎందుకు?" అనొద్దు. దానికి జవాబు ఉండదు, తలదించుకోవడమే ఉంటుంది.

నేనిప్పుడు అడిగేది ఇలా: "ఏమన్నా వెతుకుతున్నరా అన్నా? లోపల ఇంకా ఉన్నయి, ఎవరికి కావాల్నో చెప్తే తీసిస్త." చదివేవాళ్లు గానీ, ఇంకొకరికోసం తీసుకెళ్లేవాళ్లు గానీ ఈ మాటకు ఆగిపోతారు. మా అమ్మకు భక్తి పుస్తకాలు, మా తండాలో పిల్లలకు బొమ్మల పుస్తకాలు, అంటూ మాటల్లో పడతారు. దేవరకొండ దిక్కు నుంచి వచ్చే ఒక టీచరమ్మకు ఇప్పుడు నేనే నెలకు ముప్పై మూట కట్టి బస్సెక్కిస్తాను. ఆమె కూడా మొదట సంచి మనిషే. అమ్ముకునేవాడికి మాత్రం లోపల ఇంకా ఉన్నాయన్నా నిలబడడు, పని ఉందంటాడు. బైకు ఆయన అలాగే అన్నాడు, మళ్లీ రాలేదు.

ఒంటరిగా ఉన్నప్పుడే అడగండి. పాల ప్యాకెట్ల కోసం నిలబడ్డవాళ్ల ముందు కాదు.

పిల్లలు బొమ్మల పుస్తకాలన్నీ ఎత్తుకుపోతున్నారు.

పోనివ్వండి. కూరగాయల ట్రే వాళ్లదే. అట్టలు లేకుండా వస్తాయి, ఒక్కోసారి పడవలై కాలువలో కనిపిస్తాయి. పిల్లలకు లెక్క పెట్టం.

పుస్తకం తిరిగి తేకపోతే?

ఏం కాదు.

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పుస్తకాలు ఎప్పుడూ ఉండవేంటి?

పెట్టిన గంటలో పోతాయి కాబట్టి. నోటిఫికేషన్ పడిందంటే మనూళ్లో పుస్తకాల ఆకలి ఎలా ఉంటుందో జిల్లా గ్రంథాలయంలో కుర్చీల కోసం పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లను చూస్తే అర్థమవుతుంది. ఒకతను తెలుగు అకాడమీ పుస్తకాలు తొమ్మిది ఒకేసారి తీసుకుపోయి, పరీక్ష అయ్యేదాకా ఏడాదిన్నర ఉంచుకున్నాడు. తప్పని నేనననూ లేను, ఉద్యోగం వస్తే ఇంటిల్లిపాదీ గట్టెక్కుతారు. కానీ ఆ తొమ్మిదీ ఇంకో ఎనిమిది మందికి కావాలి.

అందుకే ఇవి మాత్రం నా కౌంటర్ వెనక ఉంటాయి. పేరు, ఫోన్ నంబరు రాయించుకుంటాం, ఇరవై రోజులకు ఒక పుస్తకం. ఫ్రిజ్ సూత్రానికి ఇది విరుద్ధమే, ఒప్పుకుంటాను. పుస్తకం మొత్తం జిరాక్స్ తీసివ్వమని అడుగుతారు, తీయను. నా గిరాకీ పోయినా సరే, అది రాసినవాళ్ల పొట్ట కొట్టడం.

మా ఇంట్లో పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. పంపించమంటారా?

ఆగండి. జనం ఎక్కువ తీసుకుంటున్నారని నన్ను అడిగేవాళ్లు వందమంది. పనికిరానివి ఎక్కువ పెడుతున్నారని ఒక్కరూ అడగరు. నాకైతే రెండోదే పెద్ద పరేషాన్. ఊడ్చుకుపోయినవాడు ఖాళీ అర మిగులుస్తాడు, రేపు నింపొచ్చు. చెత్త పెట్టినవాడు ఆ అరనే మింగేస్తాడు. నాలుగుసార్లు తలుపు తీసి అవే మొహాలు చూసినవాళ్లు అయిదోసారి తీయరు.

వద్దన్నవి ఇవి. జీకే పుస్తకం తెరిచి నల్లగొండ జిల్లా పేజీ చూడండి. సూర్యాపేట, భువనగిరి ఇంకా మన జిల్లాలోనే ఉంటే అది 2016 అక్టోబరుకు ముందుది. మహబూబ్‌నగర్‌లోనే వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ఉన్నా అంతే. చరిత్రగా చదువుకోవచ్చేమో గానీ, పరీక్ష రాసే పిల్లకు అది విషం. నింపేసిన వర్క్‌బుక్కులు, ఏడాది దాటిన డైరీలు, సరుకు అమ్మడానికి కంపెనీలు వేసిన రంగు బ్రోచర్లు, పెళ్లి పత్రికలు (నిజంగానే, ఒక కట్ట పెట్టారు) వద్దు. చెదలు పట్టిన పుస్తకం ఒక్కటి పెట్టినా మిగతావన్నీ పోతాయి. ప్రభుత్వం బడిపిల్లలకు ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకాలు మాత్రం పెట్టొచ్చు. ప్రైవేటుగా టెన్త్ కట్టేవాళ్లు వాటికోసం అడుగుతుంటారు.

పెట్టేముందు ఒకటే చూసుకోండి. దీన్ని ఒక స్నేహితుడి చేతికి ఇస్తారా? ఇవ్వాలంటే సిగ్గేస్తే, బండివాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకోండి.

ఉర్దూ పుస్తకాలు పెట్టొచ్చా?

తప్పకుండా. పై అరలో కుడిచేతి మూల వాటిది. పాత తరంలో ఉర్దూ మీడియంలో చదివిన హిందువులూ చాలామంది ఉన్నారు ఇక్కడ. ఆ మూలలో సంచి బాధ లేదు, ఇద్దరు ముగ్గురే పాఠకులు, ఒకరు తీసుకున్నది ఇంకొకరికి తెలుసు.

ప్రభుత్వ గ్రంథాలయం ఉండగా ఇదెందుకు? మీకేం వస్తుంది?

గ్రంథాలయానికి పోటీ కాదు. అక్కడికి తప్పకుండా వెళ్లండి, దానికి డబ్బు కడుతున్నది మీరే. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని ఒక గీత ఉంటుంది, రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్నదది. రసీదు జిరాక్స్‌కు వచ్చినప్పుడల్లా ఆ గీత మీద వేలు పెట్టి చూపిస్తాను, సగం మంది ఇన్నాళ్లూ చూడనే లేదంటారు.

ఇక ఎందుకంటే, మన జిల్లాకు పుస్తకాలతో పాత బాకీ ఉంది. నిజాం పాలనలో తెలుగు బడి, తెలుగు పత్రిక, తెలుగు గ్రంథాలయం, ఏది పెట్టాలన్నా ఎదురీతే. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైతే, ఆ ఊపు మెల్లగా జిల్లాలకు పాకింది. మన నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 1922లో 'నీలగిరి' పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక నడిపారు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు మన జిల్లా మనిషే. ఇళ్లల్లో వంట చేసి, హోటల్లో పనిచేసి చదువుకున్నాయన, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఆ పుస్తకాలు స్వయంగా మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయనకు సంచి నింపుకుని తీసుకుపోతామనే జనం కనబడి ఉంటే ఏమనేవాడో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

లైబ్రేరియన్ సారు మాత్రం ఏ వాదన వచ్చినా రంగనాథన్ గారి దగ్గరికి పోతారు. గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాసి 1931లో అచ్చువేసిన ఎస్.ఆర్. రంగనాథన్. మొదటి సూత్రం, పుస్తకాలున్నది వాడుకోవడానికి. రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. సంచి మనిషి వచ్చినప్పుడు నేను రెండో సూత్రం ఎత్తుతాను, ఆయన మొదటిది ఎత్తుతారు. టీ చల్లారిపోతుంది.

మాకేం వస్తుందంటారా, నాకు రెండు టీల ఖర్చు వస్తుంది.

మా వీధిలోనూ ఒకటి పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఎలా తయారు చేశారు?

చెడిపోయిన సింగిల్ డోర్ ఫ్రిజ్ ఎవరింట్లోనో ఉంటుంది, అడగండి. కంప్రెసర్, గ్యాస్ మెకానిక్‌తోనే తీయించండి, మీరు సుత్తి పట్టుకోవద్దు.

తర్వాత పిల్లల జాగ్రత్త. ఖాళీ ఫ్రిజ్‌లో దాక్కుని ఊపిరాడక పిల్లలు చనిపోయిన సంఘటనలున్నాయి. పాత మోడల్ గొళ్లెం ఉంటే మొత్తం ఊడదీయండి. తలుపు లోపలి నుంచి చిన్న చెయ్యి నెట్టినా తెరుచుకోవాలి. మేం రబ్బరులోని అయస్కాంతం సగానికి పైగా తీయించాం. అరలు కదలకుండా స్క్రూలు బిగించాం, మనిషి పట్టే చోటు ఉండకూడదు. కింద, పక్కన రంధ్రాలు వేయించి దోమల జాలి కొట్టాం. గాలి ఆడుతుంది, లోపల చెమ్మ పట్టదు. తలుపు మధ్య రేకు కోయించి అక్రిలిక్ షీటు వేయించాం, పుస్తకాలు బయటికే కనిపించాలి. మూసిన తలుపును కొత్తవాళ్లు తీయరు.

నాలుగు ఇటుకల మీద నిలబెట్టండి, చెదలు నేలనుంచే ఎక్కుతాయి. గోడకు గొలుసు వేయండి, గాలిదుమారానికి మాది ఒకసారి బోర్లా పడింది. పడమటి ఎండ తగలకూడదు. మే నెలలో మన ఎండకు పుస్తకాల గమ్ము ఎండి, పేజీలు పేకముక్కల్లా రాలిపోతాయి. మొదటి ఎండాకాలం ముప్పై పుస్తకాలు అలాగే పోయాయి. ఎవరో ఎత్తుకుపోయిన వాటికన్నా ఎక్కువే.

మొదటి నెలలో ఖాళీ అయిపోతుంది, భయపడకండి. ఊరికే దొరికేది రేపుంటుందో ఉండదో అని జనం తీసుకుంటారు. రేపూ ఉందని తెలిశాక చేతులు నెమ్మదిస్తాయి. మాకు అలా కుదుటపడటానికి వానాకాలం మొత్తం పట్టింది.

ఆ హాస్టల్ అమ్మాయి మళ్లీ వచ్చిందా?

రాలేదు. రెండు శనివారాలు ఎదురుచూసి, అట్టపెట్టెలో ఇరవై కథల పుస్తకాలు సర్ది హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చొచ్చాను. ఎవరికని అడిగాడు. పేరు తెలియదు, చదివేవాళ్లకు ఇవ్వన్నా. ఇప్పుడు నెలకోసారి సోమవారం పొద్దున, నేను షాపు తీసేసరికి, ఆ అట్టపెట్టె ఫ్రిజ్ పక్కన ఇటుకల మీద ఉంటుంది, పైన తాడు కట్టి. లోపల ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కపెట్టడం మానేశాను.